తబేలా గల్లీలో గాలి మార్పు

ఆ ఆదివారం కోసం వైకుంఠం వేసుకున్న పథకం చాలా చిన్నది. చీకటి విచ్చుకుంటుండగానే గల్లీలో సున్నంతో గుర్తులు పెట్టాలి. మీరాలం చెరువు వైపు నర్సరీకి పోయి మొక్కలు తేవాలి. ఎండెక్కేలోపు గుంతలు తవ్వి నాటెయ్యాలి. సాయంత్రం బావమరిది ఎల్లయ్య దిగేసరికి స్నానం చేసి, ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, ఏమీ ఎరగని పెద్దమనిషిలా గడపలో కూర్చోవాలి. ఇందులో ఎక్కడా లొల్లికి చోటు లేదు. లొల్లి అంటే వైకుంఠానికి భయం. ఫ్యాక్టరీలో కరిగిన లోహం పక్కన గంటలకొద్దీ నిలబడతాడు గానీ, గల్లీలో ఇద్దరు గొంతు పెంచితే సైకిల్ దిగి, పక్క సందులోంచి నడిపించుకుంటూ ఇంటికి చేరే మనిషి.

ఆయన ఉండేది ఉప్పుగూడలో తబేలా గల్లీ. ఒకప్పుడు ఎవరో నవాబు గుర్రాలు కట్టేసిన చోటట. గుర్రాలు పోయి మనుషులొచ్చారు. గుర్రాల కోసం కట్టిన రాతి తొట్టి ఇంకా ఉంది, అందులో నీళ్లు మాత్రం గుర్రాల వెంటే వెళ్లిపోయాయి. గల్లీ ఆడవాళ్లు బిందెలు పట్టుకుని రైలు గేటు దాకా నడిచి, చేతిపంపు కొట్టుకుని మోసుకురావాలి. నల్లా ఇప్పించమని అడిగి అడిగి, చివరికి అడగడమే ఒక పండగలా ఏడాదికోసారి జరుపుకుంటున్నారు.

వైకుంఠం భార్య రాజమణికి చలికాలంలో పట్టుకున్న దగ్గు ఎండలు ముదిరి, వానలు మొదలైనా వదల్లేదు. దవాఖానలో ఫొటో తీసి, టీబీ కాదన్నారు. "గాలి మార్పు కావాలయ్యా. కొన్ని నెలలు ఎటన్నా పంపించు" అన్నాడు డాక్టరు. ఆ మాట జహీరాబాద్ దాకా పోయింది. అక్కడ అల్లం పండించే ఆమె తమ్ముడు ఎల్లయ్య, ఆదివారం వచ్చి అక్కను తోలుకపోతానని కబురు పంపాడు.

"కొన్ని నెలలు" అన్న మాట వైకుంఠానికి మింగుడు పడలేదు. రాజమణి ఓసారి చుట్టాల పెళ్లికి పోయినప్పుడు ఆయన సొంతంగా పప్పు వండుకున్నాడు. దాన్ని వీధిలో పెడితే, అదే గల్లీలో తోపుడుబండి నడిపే మక్బూల్ భాయ్ మేకలు వాసన చూసి తప్పుకున్నాయి. పప్పొక్కటే అయితే సర్దుకోవచ్చు. పొద్దున సైకిల్ ఎక్కుతుంటే "టిఫినీ మర్చిపోయినవ్" అని వెనకనుంచి గొంతు వినపడకపోతే, ఆయన ఫ్యాక్టరీకి పోయే దారి కూడా మర్చిపోతాడు.

ఆ వారమే కంచన్‌బాగ్‌లో ఆయన పనిచేసే లోహాల ఫ్యాక్టరీలో వనమహోత్సవం జరిగింది. పక్కనున్న ల్యాబు నుంచి ఒక సైంటిస్టు సారు వచ్చి మాట్లాడాడు. "చెట్టు బొగ్గుపులుసు వాయువును పీల్చుకుంటుంది. అందులోని బొగ్గును తన ఒంట్లో కట్టెగా మార్చి దాచుకుంటుంది. మనలాంటి ఎండ ప్రాంతంలో ఏ చెట్టు పడితే ఆ చెట్టు పనికిరాదు. తక్కువ నీళ్లతో బతికేది, ఎక్కువ కాలం నిలబడేది ఎంచుకోవాలి" అన్నాడు. మిగతావాళ్లు లడ్డూల పళ్లెం వైపు చూస్తుంటే వైకుంఠం ఒక్కడే నోరు తెరుచుకుని విన్నాడు. తను పొద్దంతా పీల్చే కొలిమి పొగ, చొక్కాకు పట్టుకుని ఇంటికొచ్చే దాని వాసన, రాజమణి దగ్గు, మూడూ ఒకే దారానికి గుచ్చినట్టు కనిపించాయి. గాలి మార్పు కోసం మనిషి పోవడమెందుకు? గాలినే ఇక్కడ మార్చేస్తే పోలా?

శనివారం అన్నం తింటూ భార్యను అడిగాడు.

"మణీ, నీళ్లు తక్కువైనా తట్టుకొని, ఎండకు ఎండి, వానకు తడిసి, ఏండ్లకేండ్లు నిలబడేది ఏదుంటది?"

"ఆడిది" అంది రాజమణి.

వైకుంఠం ఇంకో ముద్ద కలుపుకున్నాడు. "అది గాదు. నీళ్ల సంగతి ఒకటున్నది. రేపు గల్లీ మొత్తానికి తెలుస్తది. అప్పుడు జూడు."

"ఏం నీళ్లు? ఏం గల్లీ?"

"రేపు" అన్నాడు. అంతకు మించి చెప్పలేదు. బతుకులో మొదటిసారి భార్యకు తెలియకుండా ఒక మంచిపని చేయబోతున్నానన్న సంబరం ఆయన నోరు కట్టేసింది. తర్వాత జరిగినదానికంతా ఆ సంబరమే మూలం.

ఆదివారం కోళ్లు కూయకముందే వైకుంఠం సున్నం డబ్బాతో బయటికొచ్చి, ఎడం చూసుకుంటూ గల్లీకి రెండు పక్కలా గుండ్రంగా గుర్తులు పెట్టాడు. ఇంటికొకటి రాలేదు. ఒక ఇంటి ముందు పడింది, ఇంకో ఇంటి ముందు పడలేదు. చెట్లకు మధ్యన జాగా ఉండాలి కదా అని ఆయన లెక్క. ఆపైన మక్బూల్ భాయ్‌ను లేపి, ఆయన తోపుడుబండి వెంటబెట్టుకుని నర్సరీకి బయల్దేరాడు.

గల్లీలో అందరికంటే ముందు లేచేది బసవయ్య. ఏదో సర్కారు ఆఫీసులో జవానుగా చేసి రిటైరైన మనిషి. ఆఫీసర్ల బల్లల మీదికి చాయలు మోసిన అనుభవంతో సర్కారు మనసు తనకు తెలుసంటాడు. నోట్లో వేపపుల్లతో బయటికొచ్చి, సున్నం గుర్తు చూసి ఆగాడు. గొంతుక్కూర్చుని వేలితో తాకాడు. వాసన చూశాడు.

"సర్కారీ సున్నం" అని తేల్చాడు. "ఆఫీసోళ్లు పొద్దుగాలనే వచ్చి నిశానీ వెట్టి పోయిన్రు. నల్లాలొస్తున్నయ్!"

ఆ ఒక్క మాటకు గల్లీలో తలుపులన్నీ తెరుచుకున్నాయి. మూల మీద కిరాణా దుకాణం నడిపే వాసవాంబ తడి జుట్టుతోనే బయటికొచ్చింది. దుకాణం ఎదురుగా నిండు చంద్రుడిలాంటి గుర్తు చూసి ఆవిడ కళ్లు మెరిశాయి. బసవయ్య ముఖం మాత్రం మాడిపోయింది. ఆయన గడప ముందు ఏమీ లేదు.

"గిదేం ఇన్సాఫ్? గిదేం న్యాయం? నేను సర్కారుకు అన్నేండ్లు సేవజేసిన. నా ఇల్లు దాటేసి పోతరా?"

కాసేపటికి ఆ పక్కన ఉన్న గుర్తు ఒకటి మాయమై బసవయ్య గడప ముందు తేలింది. అది చూసి గుర్తు పోగొట్టుకున్న ఇంటివాళ్లు కొత్తది గీసుకున్నారు. సున్నం లేనివాళ్లు ముగ్గుపిండితో గీశారు. ముగ్గుపిండి అయిపోయినవాళ్లు గోధుమపిండి తెచ్చారు. చివరికి గుర్తు లేని ఇల్లు వైకుంఠానిదొక్కటే మిగిలింది. తన గడప ముందు మాత్రం ఎడం కొలిచి కాక, మొక్కను చూశాక మంచి చోటు ఎంచి పెట్టాలని ఆయన వదిలేశాడు.

"రాజమణీ, నీ పెనిమిటి సర్కారీ ఫ్యాక్టరీల జేస్తడు గదా. నీకేమన్న చెప్పిండా?" అని ఆడవాళ్లు చుట్టుముట్టారు.

రాజమణికి రాత్రి మాట గుర్తొచ్చింది. "ఏదో నీళ్ల సంగతి ఉన్నది, రేపు గల్లీ మొత్తానికి తెలుస్తది అన్నడు. పొద్దుగాలనే బండి దీస్కోని పోయిండు."

ఇక అనుమానానికి చోటేముంది? నల్లాలు తెప్పిస్తున్నది వైకుంఠమే. సామాను తేవడానికే బండి కట్టించుకుని పోయాడు. నెమ్మదస్తుడు, నోట్లో నాలుక లేనివాడు అనుకున్న మనిషి లోపల్లోపల ఎంత పని చేశాడు!

తాపీపని చేసే ఎల్లప్ప పక్కింటాయనను మాటవరసకు అడిగాడు. "గుంతలెవలు తవ్వుతరో? మనమే తవ్వాల్నా?" ఆ ప్రశ్న గల్లీ చివరిదాకా పోయి, అక్కడ మలుపు తిరిగి, ఎల్లప్ప దగ్గరికే ఇలా తిరిగొచ్చింది. "గుంత తయారుగున్నోళ్లకే ముందుగాల నల్లా ఇస్తరంట." ఎల్లప్ప అది విని అదిరిపడి, గడ్డపార కోసం ఇంట్లోకి పరుగెత్తాడు.

ఎండెక్కేసరికి గల్లీ అంతా తవ్వకాలే. ఎవరి గుంత లోతుగా ఉంటే వాళ్లకు నీళ్లు జోరుగా వస్తాయని ఎవరో అన్నారు. అది విన్న బసవయ్య తన గుంతలోకి దిగి, భుజాల దాకా కనపడకుండా తవ్వుకున్నాడు. వాసవాంబ తన గుంత చుట్టూ పసుపు చల్లి, కుంకుమ పెట్టి, కొబ్బరికాయ కొట్టింది. వెనక గల్లీవాళ్లు గోడల మీంచి ఇదంతా చూశారు. తమకు రాని నల్లాలు వీళ్లకెలా వస్తాయని మండిపడ్డారు. వాళ్లలో ఒకడు సైకిలెక్కి ఎటో పోయాడు. ఎటు పోయాడన్నది ఆ సందడిలో ఎవరికీ పట్టలేదు.

అక్కడ నర్సరీలో వైకుంఠం చెట్ల మధ్య నిలబడి పెళ్లిచూపులకొచ్చిన వాడిలా తేల్చుకోలేకపోతున్నాడు. వేప అడిగితే, అన్నీ అమ్ముడయ్యాయన్నారు. నర్సరీ ఆయన నీలగిరి చూపించాడు. తాటిచెట్టంత ఎత్తుకు పోతుందన్నాడు.

"నీళ్లు?" అని అడిగాడు వైకుంఠం.

"తాగుతది. మస్తు తాగుతది."

"మా గల్లీల మనుషులకే లేవు. వద్దు."

చింత బాగా నచ్చింది. కానీ అది మనవల కాలానికి గానీ నీడ ఇవ్వదన్నారు. రాజమణి దగ్గుకు మనవల దాకా ఆగే ఓపిక లేదు. "అయితే సుబాబుల్ తీస్కో. ఈ ఏడు అందరు గిదే అడుగుతున్నరు. చూస్తుండంగనే పెరుగుతది" అన్నాడు నర్సరీ ఆయన. వేగంగా పెరిగేది వేగంగా పొగ తాగుతుంది కదా. వైకుంఠం బండి నిండా సుబాబుల్ ఎక్కించాడు. అప్పుడు సైంటిస్టు సారు చెప్పిన "ఎక్కువ కాలం నిలబడేది" గుర్తొచ్చింది. మళ్లీ కొన్ని దింపి, ఏడాది పొడుగునా పచ్చగా ఉంటుందన్న కానుగలు, ఎండాకాలంలో పసుపుపచ్చ గుత్తులు వేలాడదీస్తుందన్న రేలలు ఎక్కించాడు. పసుపు రాజమణికి ఇష్టం. ఎండ తగలకుండా అన్నిటి మీదా తడి గోనెపట్టా కప్పించి బయల్దేరాడు.

తబేలా గల్లీ మలుపు తిరగగానే వైకుంఠం ఆగిపోయాడు. ప్రతి గడప ముందూ గుంత. పక్కన మట్టి కుప్ప. చెమటలు కారుతూ గల్లీ జనం. తను నాలుగు గుర్తులు పెట్టిపోతే ఇంటింటికీ గుంత తవ్వారు! మొక్కలంటే వీళ్లకు ఇంత ప్రేమా? రాజమణి కనిపెట్టి అందరికీ చెప్పి ఉంటుంది.

వాసవాంబ దేవుడి పటానికున్న బంతిపూల దండ తెచ్చి ఆయన మెడలో వేసింది.

"వైకుంఠం, నువ్వు మామూలోనివి గాదు బిడ్డా" అన్నాడు బసవయ్య, గుంతలోంచి ఎక్కి వచ్చి. "ఇన్నేండ్లు కానిది ఒక్క రాత్రిల తెచ్చినవ్."

"నేనేం జేసిన కాకా! మీరందరు గుంతలు తవ్వుడే మస్తు గొప్ప."

"సామాను వచ్చిందా?" అన్నాడు ఎల్లప్ప.

"వచ్చింది. గోనెపట్టా కింద ఉన్నది. ఎండకు వాడిపోతదని తడిపిన."

పైపులు వాడిపోవడమేమిటో ఎల్లప్పకు అంతుపట్టలేదు. కొత్తరకం పైపులేమో అని తల ఊపాడు.

"లోపలికి ఎంత దూరం పోతది నాయనా?" అని అడిగింది వాసవాంబ.

"ముందుగాల జానెడే అమ్మా. తర్వాత దానంతట అదే పోతది. ఏండ్లు గడిచినకొద్ది మీ ఇంటి పునాది దాక రావచ్చు."

"ఇంట్లకే వస్తదా!" అని ఆవిడ చేతులు జోడించింది.

"పొద్దుగాల వస్తదా, మాపటికి వస్తదా?" అన్నాడు బసవయ్య.

నీడ సంగతి అడుగుతున్నాడనుకున్నాడు వైకుంఠం. "పొద్దుగాల అటు దిక్కోళ్లకు, మాపటికి ఇటు దిక్కోళ్లకు."

"ఇన్సాఫ్ అంటే గిది" అన్నారు అందరూ.

రాజమణి మాత్రం మొగుడి ముఖంలోకి అనుమానంగా చూసింది. "ఎప్పటి నుంచి వస్తది?"

"జర ఓపిక పట్టాలె మణీ. ఒక నాలుగైదేండ్లు."

జనం ఇంకాస్త దగ్గరికి జరిగారు.

"నాలుగైదేండ్లా? అప్పటిదాక?" అన్నాడు బసవయ్య.

"అప్పటిదాక దినాం మనమే నీళ్లు పొయ్యాలె కాకా."

"నల్లాకు మనం నీళ్లు పోసుడేందిరా?"

"నల్లానా? ఏం నల్లా?" అన్నాడు వైకుంఠం.

ఆ తర్వాత లేచిన లొల్లి రైలు గేటు దాకా వినిపించింది. అందరూ ఒకేసారి అరిచారు. ఎల్లప్ప బొబ్బలెక్కిన చేతులు చూపించాడు. కొబ్బరికాయ ఎందుకు కొట్టినట్టని వాసవాంబ నిలదీసింది. బసవయ్య కోపంతో ఊగిపోతూ, "నాకు ముందే తెలుసు" అంటూ ఒక అడుగు వెనక్కి వేశాడు. వెనక ఆయన గుంతే ఉంది. గల్లీలో అన్నిటికంటే లోతైన గుంత.

ఆయన్ను పైకి లాగడానికి అందరూ అటు పరుగెత్తారు. అప్పుడే మక్బూల్ భాయ్ పెద్దగా కేక పెట్టాడు. "అరే భాయ్! బక్రీలు! బక్రీలు!"

గోనెపట్టా కిందికి మక్బూల్ భాయ్ సొంత మేకలే తలలు దూర్చేశాయి. పట్టా తీసేసరికి సుబాబుల్‌లన్నీ పుల్లలై నిలబడ్డాయి. ఒక పెద్ద మేక తీరిగ్గా కానుగ వైపు తిరిగి, ఆకు వాసన చూసి, ముఖం పక్కకు తిప్పుకుంది. రేల దగ్గరా అదే వరస.

"కానుగ నక్కో అంటయ్ భాయ్, రేల భీ నక్కో" అన్నాడు మక్బూల్ భాయ్ సిగ్గుపడుతూ. "సుబాబుల్ అంటే వీటికి మిఠాయి."

పొద్దంతా నర్సరీలో వైకుంఠం తేల్చుకోలేని విషయాన్ని మేకలు క్షణంలో తేల్చేశాయి. బంతిపూల దండ మెడలో వేసుకుని, పుల్లల ముందు నిలబడ్డ మొగుణ్ని చూసి రాజమణికి నవ్వాగలేదు. పడీపడీ నవ్వింది. నవ్వు దగ్గయింది. దగ్గు ఆగలేదు. తొట్టి గట్టు పట్టుకుని కూర్చుండిపోయింది. లొల్లి మెల్లగా సద్దుమణిగింది.

పక్క సందు దగ్గరలోనే ఉంది. కానీ వైకుంఠం కదల్లేదు.

"నల్లా అని నేను ఎన్నడు అనలే" అన్నాడు తలొంచుకుని. "గాలి మార్పు గావాలన్నడు డాక్టరు. మణిని పంపియ్యాల్నంట, కొన్ని నెలలు. చెట్లు పొగల ఉండే బొగ్గుపులుసు వాయువు తాగుతయ్ అని ఫ్యాక్టరీల సారు చెప్పిండు. మణి గాలి కాడికి పోవుడు ఎందుకు, గాలినే మణి కాడికి తెద్దామనుకున్న. గంతే. మీ చేతులు నొప్పి జేసిన. మాఫ్ జెయ్యిన్రి. గుంతలన్ని నేనే పూడుస్త."

రాజమణి కొంగుతో నోరు తుడుచుకుని ఆయన వైపు చూసింది. ఇన్నేళ్ల కాపురంలో ఆయన ఒక్కసారి ఇన్ని మాటలు మాట్లాడటం ఆమె వినడం అదే మొదలు.

అంతలో అల్లం సంచి భుజానేసుకుని ఎల్లయ్య గల్లీలో అడుగుపెట్టాడు. ఇంటింటి ముందు గుంతలు, మౌనంగా నిలబడ్డ జనం, దండతో బావ. అతని ముఖం తెల్లబోయింది.

"బావా! ఏమైంది? అక్క ఏది? ఇంటికొక గుంత తవ్విన్రు, ఏం రోగమొచ్చింది ఈ గల్లీకి?"

"థూ, నీ నోట్ల మన్నువడ" అంది రాజమణి తొట్టి మీంచి. "ఈడనే ఉన్నరా."

ముందుగా నవ్వింది వాసవాంబ. "ఏది నాయనా, ఆ పులుసు తాగే చెట్టు?" అని వైకుంఠాన్ని అడిగింది.

"పులుసు గాదమ్మా, బొగ్గుపులుసు."

"ఏ పులుసైతేంది. పులుసంటే చింత తేవాలె గని! సర్లే. నా గుంతకు కొబ్బరికాయ కొట్టిన. కొట్టిన కాయ వాపస్ రాదు. ఒకటి వెట్టు."

"నా గుంత పెద్దది" అని లోపల్నుంచి బసవయ్య గొంతు వినిపించింది. "నాకు పెద్ద మొక్క గావాలె. ముందుగాల నన్ను దియ్యిన్రి."

అలా నాటడం మొదలైంది. ఇళ్లకు సరిపడా మొక్కలు లేవు. ఇద్దరిద్దరు ఇరుగుపొరుగు ఒక మొక్కను పంచుకుని, మిగతా గుంతలు పూడ్చేశారు. చుట్టూ తుమ్మకంపలు పాతారు. నీళ్ల దగ్గరికి వచ్చేసరికి ఎవరూ వెనకాడలేదు. రైలు గేటు నుంచి నెత్తిన మోసుకొచ్చిన బిందెల్లోంచి ఇంటికో చెంబు తెచ్చి పోశారు. వైకుంఠం తన గడప ముందు రేల మొక్క పెట్టాడు. మొదటి చెంబు రాజమణి పోసింది. పోస్తూ, "గిది పెద్దగయ్యేసరికి నేను ముసలిదాన్నయిత గదయ్యా" అంది.

"ఐతే ఏంది? నీడల గూసుందువు" అన్నాడు వైకుంఠం.

పొద్దు వాలుతుండగా తమ్ముడికి వంట చేద్దామని రాజమణి రంపపు పొట్టు పొయ్యి ముట్టించింది. అల్లం ఇవ్వడానికి వంటింట్లోకి పోయిన ఎల్లయ్య, కళ్ల నీళ్లు కారుస్తూ గుడ్డివాడిలా తడుముకుంటూ బయటికొచ్చాడు.

"బావా, ఈడ ఒక కిటికీ ఉండె గదా? పోయినసారి వచ్చినప్పుడు చూసిన."

"రైలు పొగ లోపలికొస్తదని మూసిన. ఇటుకలు వెట్టి, మంచిగ సిమెంటు చేసిన."

"ఎప్పుడు?"

"మొన్న చలికాలం..." అన్నాడు వైకుంఠం. మాట మధ్యలోనే ఆగిపోయింది. వంటింట్లో రాజమణి దగ్గుతోంది. చలికాలం నుంచి దగ్గుతున్న దగ్గు.

వైకుంఠం గడ్డపార తీసుకుని లేచాడు. సిమెంటు నిజంగానే మంచిగా చేశాడు. అది పగలడానికి బావా బావమరుదులిద్దరూ చొక్కాలు విప్పి కుమ్మాల్సి వచ్చింది. చివరి ఇటుక బయట పడగానే వంటింట్లోని పొగ అంతా, చాన్నాళ్లుగా దారి కోసం కాచుకున్నట్టు, ఒక్క ఊపున వీధిలోకి పోయింది. రాజమణి ఆ కంత దగ్గర నిలబడి గట్టిగా గాలి పీల్చుకుంది.

"నేను పాగల్ గాన్ని మణీ" అన్నాడు వైకుంఠం మట్టికొట్టుకున్న ముఖంతో. "పొగ ఇంట్ల వెట్టుకోని చెట్లు గల్లీల వెట్టిన. దండగ."

"దండగెందుకైతది?" అంది రాజమణి. "పొగ ఇప్పుడు బయటికి పోయింది గదా. బయటికి పోయినంక అది ఎవలు తాగాలె? నీ కానుగలే."

వైకుంఠం అడగలేక అడగలేక అడిగాడు. "మరి... ఊరికి పోతవా?"

"తమ్మీ," అంది ఆమె ఎల్లయ్యతో, "అల్లం వెట్టిపో. నేను సంక్రాంతికో ఉగాదికో వస్త. మొక్కలకు రెండు పూటల నీళ్లు వొయ్యాలె. ఈయనకు అప్పజెప్తే నీళ్లనుకోని పప్పు వోస్తడు."

సైకిలెక్కి పోయిన వెనక గల్లీ మనిషి ఎటు పోయాడో ఆ వారంలోనే తెలిసింది. నీళ్ల ఆఫీసు నుంచి ఒక ఇంజనీరు జీపులో దిగాడు. వెంట పారలు పట్టుకుని పనివాళ్లు. గల్లీలో తలుపులు మూసుకున్నాయి. డ్యూటీకి బయల్దేరుతున్న వైకుంఠమే దొరికాడు.

"ఎవరిచ్చారు రోడ్డు తవ్వడానికి పర్మిషన్? ఇక్కడ దొంగ నల్లాలు కలుపుతున్నారని కంప్లయింట్ వచ్చింది. పైపులేవీ?"

"పైపులు లేవు సార్" అన్నాడు వైకుంఠం సైకిల్ స్టాండు వేస్తూ. ఈసారి కూడా పక్క సందు వైపు చూడకుండా నిలబడే చెప్పాడు. "కానుగలున్నయ్. రేలలున్నయ్."

ఇంజనీరు గల్లీ ఈ చివర నుంచి ఆ చివరకు నడిచాడు. ప్రతి కంప లోపలికీ తొంగి చూశాడు. ప్రతి దానిలోనూ మోకాలెత్తు మొక్క. ఒక దాని మొదట్లో మట్టి కూడా తీయించాడు. పైపుకు బదులు మొక్క వేరు దొరికింది. కేసు రాయడానికి తెచ్చిన పెన్నుతో తల గోక్కున్నాడు.

"వనమహోత్సవం నెలలో మొక్కలు పీకించానంటే నా ఉద్యోగం పీకుతారు" అని గొణుక్కుని, "సరే, వీటికి నీళ్ల ఏర్పాటేం చేశారు?" అని అడిగాడు.

"రైలు గేటు కాడికెళ్లి మోసుకొస్తున్నం సార్. మేం తాగే నీళ్లే పోస్తున్నం."

"మీరు తాగేవి పోస్తే ఎలా? ఎన్నాళ్లు పోస్తారు? ఇవి ఎండిపోతే పైనుంచి నన్నడుగుతారు." ఇంజనీరు ముఖంలో నిజమైన ఆందోళన కనిపించింది. "పసి మొక్కలయ్యా. రోజూ వేళకు నీళ్లుండాలి."

ఆ మాట తలుపు సందులోంచి బసవయ్య చెవిన పడింది. సర్కారు మనసు తెలిసిన మనిషి వెంటనే బయటికొచ్చి, కుంటుతూ సలాం చేశాడు.

"సార్, మొక్కలకు నల్లా గావాలంటే మంజూరైతదా?"

"మొక్కలకైతే వెంటనే చేయొచ్చు."

"మనుషులకైతే?"

"మనుషులకు సీరియల్ ఉంటుంది" అన్నాడు ఇంజనీరు.

బోనాలు రాకముందే తబేలా గల్లీ మధ్యన నల్లా పెట్టారు. దాని మీద ఇనప రేకు ముక్క బిగించి, నీలం రంగుతో "మొక్కల కొరకు మాత్రమే" అని రాశారు. తిప్పగానే బుస్సున గాలి వచ్చింది, ఎర్రనీళ్లు వచ్చాయి, ఆపైన తెల్లటి నీళ్ల ధార వచ్చింది. వాసవాంబ ఇంకో కొబ్బరికాయ కొట్టింది. రాజమణికి దగ్గు తగ్గుముఖం పట్టింది. రైలు గేటు దాకా నడక తప్పాక రాత్రిళ్లు నిద్ర కూడా పట్టింది. కానుగలు లేత ఆకులు వేశాయి. పొద్దున పూట బిందెల వరుస తొట్టి దాకా సాగుతుంది, ఎవరి బిందె నిండాక వాళ్లు తమ మొక్కకు ఒక చెంబు పోసి పోతారు.

సర్కారు ఉత్తర్వు ప్రకారం ఆ నీళ్లు తాగే హక్కు గల్లీలో కానుగలకూ రేలలకూ తప్ప ఇంకెవరికీ లేదు. అవి మాత్రం ఇంతవరకూ అభ్యంతరం చెప్పలేదు.